క్రైస్తవ సేవాసంస్థ క్లినిక్‌కి అమ్మని తీసుకెళ్లొచ్చా? వాళ్ల యువజన కార్యక్రమాలకి అబ్బాయిని పంపొచ్చా?

మీ ప్రశ్నలో రెండు అనుమానాలు కలిసి ఉన్నాయి. అమ్మగారి బీపీ, షుగర్ చూపించడానికి ఆ సంస్థ క్లినిక్‌ని నమ్మొచ్చా అన్నది ఒకటి. తొమ్మిదో తరగతి చదివే అబ్బాయిని వాళ్ల సాయంత్రం ఆటలకి, సెలవుల శిబిరానికి పంపితే మతం విషయంలో ఒత్తిడి పెడతారా అన్నది రెండోది. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టలేదు. చదువుకునే రోజుల్లో ఇలాంటి సంస్థ ఒకదానిలో ఆటల కోసం చేరాను. తర్వాత చాలా ఏళ్లు వాళ్ల ఆరోగ్య బృందంలోనే వాలంటీరుగా ఉండిపోయాను. ఇంకో సంస్థ పని కూడా దగ్గర్నుంచి చూశాను. కాబట్టి బయటివాళ్లు లోపలికి వెళ్తే ఎలా ఉంటుందో కొంత తెలుసు.

ముందు సూటిగా చెప్పేస్తాను. తీసుకెళ్లొచ్చు, పంపొచ్చు కూడా. అయితే వాళ్ల వైద్య క్యాంపు ముగిసిన మర్నాడు వాళ్లు ఏం చేస్తారో కనుక్కుని మరీ నిర్ణయించుకోండి.

క్యాంపు పెట్టడం పెద్ద పనేం కాదు. నాలుగు టేబుళ్లు, ఇద్దరు డాక్టర్లు, ఒక బ్యానర్ ఉంటే అయిపోతుంది. సాయంత్రానికి ఇంతమందిని చూశాం అని ఫొటోలతో సహా చెప్పుకోవచ్చు. కానీ బీపీ లాంటి జబ్బుకి ఒక్కరోజు చూపు దేనికీ చాలదు. వేర్వేరు రెండు రోజుల్లో చూసినప్పుడు రెండుసార్లూ పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే హైబీపీ అంటారు. అది కూడా ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చేతికి ఆసరా ఇచ్చి చూడాలి. లైన్లో నిలబడి విసిగిపోయిన మనిషికి అప్పటికప్పుడు పట్టీ చుట్టి, వచ్చిన అంకె కార్డు మీద రాసిచ్చేస్తే మిగిలేది టెన్షనే.

మా బృందంలో క్యాంపు కన్నా రిజిస్టరుకే విలువ ఎక్కువ. నెలకోసారి రావాల్సినవాళ్ల పేర్లు అందులో ఉండేవి. రానివాళ్ల పేరు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టేవాళ్లం. ఆ వారంలోనే ఒక నర్సు, ఆమెతో పాటు యువజన విభాగం నుంచి ఒకరో ఇద్దరో వాళ్ల ఇంటికి వెళ్లాలి. నాకు ఆ పని మొదట్లో నచ్చేది కాదు. ఆటలకని వస్తే ఇంటింటికీ తిప్పుతున్నారేంటి అనుకునేవాణ్ని. తిరిగాక అర్థమైంది, మందులు మానేసినవాళ్లలో నిర్లక్ష్యంతో మానేసినవాళ్లు తక్కువే. 'ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకెందుకు' అన్నవాళ్లే ఎక్కువ. బీపీకి పైకి కనిపించే లక్షణాలు సాధారణంగా ఉండవు కాబట్టి ఆ మాటలో వాళ్ల తప్పేం లేదు, ఎవరూ విడమర్చి చెప్పలేదు, అంతే. ఒక పెద్దాయన వాహనం నడిపేవారు. ఆయన మాత్ర మింగిన కాసేపటికే మూత్రానికి పదే పదే వెళ్లాల్సి వస్తోందని, పనిలో ఇబ్బందని మానేశారు. క్లినిక్‌లో అందరి ముందు చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నారట. నర్సు ఆ సంగతి డాక్టరుకి చెప్పింది. డాక్టరు మాత్ర మార్చారు. మనిషి మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఇలాంటివి ఏ క్యాంపులోనూ బయటపడవు.

ఈ ఇంటింటి పద్ధతికి వెనక చరిత్ర ఉంది. ఒకప్పుడు మిషన్ వైద్యం అంటే ప్రధానంగా ఆసుపత్రి కట్టడం, వచ్చినవాళ్లకి చికిత్స చేయడం. గడప దాటి రాలేనివాళ్ల సంగతేంటన్న ప్రశ్న ఆ సంస్థల లోపలి నుంచే వచ్చింది. ప్రపంచ చర్చిల మండలి 1968లో ఒక క్రైస్తవ వైద్య కమిషన్ పెట్టి ఈ విషయం మీద పనిచేసింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. పెద్దగా చదువులేని పల్లె ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, గర్భిణుల్ని, పసిపిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆరోగ్య కార్యకర్తలుగా నిలబెట్టారు. 1978లో ఆల్మా ఆటా (ఇప్పటి కజకిస్తాన్‌లోని నగరం)లో ప్రాథమిక ఆరోగ్యం గురించి చాలా దేశాలు కలిసి ప్రకటన చేయడానికి ముందు చర్చకు వచ్చిన నమూనాల్లో ఇలాంటి పనులు ఉన్నాయి. డాక్టరు చేతిలో ఉన్నదంతా డాక్టరే చేయనక్కర్లేదన్నది అరోలే దంపతులు చేసి చూపించారు. విరేచనాలు పట్టిన పిల్లాడికి లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించడం పక్కింటావిడ నేర్పగలదు. చెంచా కొలత తలకొట్టి ఉండాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం అన్నది కూడా ఆవిడే చెప్పగలదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే అదే మేలనుకోండి.

ఇక మతం సంగతి. గోడ మీద వాక్యం ఉంటుంది, పండగ రోజుల్లో పాటలుంటాయి, పని మొదలుపెట్టే ముందు సిబ్బంది ప్రార్థన చేసుకుంటారు. అది వాళ్ల గుర్తింపు, దాచుకోమని మనం అడగడం కూడా బాగోదు. చూడాల్సింది ఒక్కటే: సేవకి అది షరతుగా ఉందా? విపత్తు సహాయానికి 1994లో సేవాసంస్థలు రెడ్‌క్రాస్‌తో కలిసి తయారుచేసుకున్న ప్రవర్తనా నియమావళిలో, సాయాన్ని ఏ మత దృక్పథాన్నీ ముందుకు తేవడానికి వాడకూడదని ఉంది. దాన్ని రూపొందించినవాళ్లలో కాథలిక్కుల సేవాసంస్థ కారిటాస్, ప్రపంచ చర్చిల మండలి, లూథరన్ ప్రపంచ సమాఖ్య కూడా ఉన్నాయి. అది విపత్తుల కోసం రాసుకున్నదే అయినా, క్లినిక్ విషయంలో కూడా ఆ గీత గీసి అడగొచ్చు.

నేను చూసిన రెండో సంస్థలో ఆ గీత లేదు. ప్రసంగం అయ్యాకే టోకెన్లు ఇచ్చేవాళ్లు. జ్వరంతో వచ్చినవాళ్లు కూడా అంతసేపూ కూర్చోవాల్సిందే. అడిగితే 'ఎవరినీ బలవంతపెట్టడం లేదు కదా' అన్నారు. మాట నిజమే, వెళ్లిపోవడానికి తలుపు తీసే ఉంది, కానీ మందు లోపలే ఉంది. నేను అక్కడికి వెళ్లడం మానేశాను. అంతకన్నా ప్రమాదకరమైన మాట ఇంకోటుంది. 'ప్రార్థన చేశాం, ఇక మాత్రలు అక్కర్లేదు' అని ఎవరైనా అంటే, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, అమ్మగారిని అక్కణ్నుంచి తీసుకొచ్చేయండి. మంచి మిషన్ డాక్టర్లు ఈ మాట అనరు, ఎవరైనా అంటే మండిపడతారు కూడా.

మందుల గురించి ఒక చిన్న మాట. విరాళంగా వచ్చిన మందులు పంచుతుంటే గడువు తేదీ చూడండి. విరాళమిచ్చే మందులు దేశంలోకి చేరేటప్పటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది.

అబ్బాయి విషయానికొస్తే, నాకు ఎక్కువ చెప్పాలనిపించేది ఇక్కడే. ఆటలు ఈ సంస్థలకి మొన్నమొన్న వచ్చి చేరినవి కావు. లండన్‌లో 1844లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల దుకాణం ఉద్యోగి, తోటి కుర్రాళ్లతో కలిసి మొదలుపెట్టిందే వైఎంసీఏ, అంటే క్రైస్తవ యువకుల సంఘం. బాస్కెట్‌బాల్ 1891లో, వాలీబాల్ 1895లో పుట్టింది ఆ సంస్థ శిక్షకుల చేతుల్లోనే. కాబట్టి ఆటలు ఎర అనీ, అసలు ఉద్దేశం వేరనీ ముందే అనుకోనక్కర్లేదు. మా దగ్గర ఆట మొదలయ్యే ముందు ఒక నిమిషం ప్రార్థన ఉండేది. ఇష్టం లేనివాళ్లు బూట్లు కట్టుకుంటూ బయట ఉండేవాళ్లు, నేనూ చాలాసార్లు అక్కడే ఉన్నాను. ఎవరూ మొహం మార్చుకోలేదు. మీ అబ్బాయి వెళ్లేచోట అలాంటి వెసులుబాటు ఉందో లేదో అడగండి. పిల్లల్ని మత నిర్ణయాల దాకా తీసుకెళ్లడం తల్లిదండ్రులకి తెలియకుండా జరగదన్న హామీ కూడా తీసుకోండి.

నన్ను అక్కడ నిలబెట్టింది ఆట కాదు. నాకో పని అప్పగించడం. పదహారేళ్లవాణ్ని నమ్మి ఒక రంగుల టేపు చేతికిచ్చారు. ఆరు నెలలు దాటి ఐదేళ్ల లోపున్న పిల్లల పైచేతికి చుట్టి చూస్తే, 115 మిల్లీమీటర్లకన్నా తక్కువుంటే ఎరుపులో పడుతుంది. అంటే తీవ్రమైన పోషకాహార లోపం, వెంటనే వైద్య పరీక్షకి పంపాలి. మొదట నర్సు పక్కనుండి సరిచూసేది. గుండె ఆగిన మనిషికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం బొమ్మ మీద చేయించేవాళ్లు. పెద్దవాళ్లు తమని దేనికో ఒకదానికి లెక్కలోకి తీసుకుంటున్నారని తెలిసినప్పుడు ఆ వయసు పిల్లలు వేరేలా ఉంటారు. చదువు ఒత్తిడి గురించి, ఇంట్లో చెప్పుకోలేని భయాల గురించి మాట్లాడడానికి ఒక కౌన్సెలర్ వచ్చేది. చెప్పింది బయటికి పోదని, అయితే ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం పెద్దలకి చెబుతానని ఆమె మొదటిరోజే అందరికీ చెప్పేసింది.

నిజం చెప్పాలంటే, మతం గురించి గుచ్చిగుచ్చి అడిగే తల్లిదండ్రులు పిల్లల భద్రత గురించి అడగడం నేను పెద్దగా చూడలేదు. అది ఏ సంస్థలోనైనా అడగాల్సిందే, క్రైస్తవ సంస్థ కాబట్టి తగ్గదు, పెరగదు. ఒక పెద్దమనిషి ఒక పిల్లాడితో ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమం ఉందా? వాలంటీర్ల గతం విచారించాకే తీసుకుంటారా? రాత్రి శిబిరంలో ఎవరు ఎక్కడ పడుకుంటారు? ఫొటోలు ఎక్కడ పెడతారు, మీ అనుమతి అడుగుతారా? ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి? రాతపూర్వకంగా ఉన్న విధానం తీసి చూపిస్తే మంచిది. 'మమ్మల్ని అనుమానిస్తున్నారా' అని నొచ్చుకుంటే నేనైతే పంపను.

ఈ వారం ఇలా చేయండి. అమ్మగారిని తీసుకెళ్లేటప్పుడు ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేసి ఇస్తున్నారా, రాకపోతే ఎవరు కబురు చేస్తారు, ఎక్కువైతే ఏ ఆసుపత్రికి పంపుతారు అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిస్తే కొనసాగించండి. అబ్బాయిని ముందు ఆటలకి మాత్రమే పంపి, మొదటి కొన్ని సాయంత్రాలు మీరు కూడా పక్కన కూర్చోండి. శిబిరం సంగతి ఆ తర్వాత, వాడితో మాట్లాడి తేల్చుకోవచ్చు.