పాత ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ లోపం చూపిస్తే మొత్తం ప్యాక్ మార్చాల్సిందేనా?

అక్కరలేదు, చాలాసార్లు లోపం ఒకటి రెండు బలహీనపడిన సెల్ గ్రూపులకో (ప్యాక్‌లోని చిన్న బ్యాటరీల జట్లకో), తేమ చేరిన కనెక్టరుకో పరిమితమై ఉంటుంది. గ్రూపులన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపి ఉంటాయి కనుక వాటిలో ఒక్కటి ముందుగా ఖాళీ అయినా, మిగిలినవాటిలో ఛార్జ్ ఉండగానే ప్యాక్‌ను కనిపెట్టి ఉండే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కారు శక్తిని తగ్గిస్తుంది, లేదా పూర్తిగా ఆపేస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్, బల్లార్షా వంటి చోట్ల ఎండలో నిలిపే కార్లలో ఈ క్షీణత మరింత త్వరగా వస్తుంది.

బల్లార్షాలో తిరిగే ఒక కారులో 96 గ్రూపులు ఉన్నాయనుకుందాం. వేగం పెంచినప్పుడు 95 గ్రూపులు 3.6 వోల్టుల దగ్గర నిలిచి, ఒకటి మాత్రం 2.9కి పడిపోతే లోపం దానిదే. ఆపి ఉంచిన కారులో ఈ తేడా కనిపించకపోవచ్చు కాబట్టి, కారు నడుస్తుండగా స్కానర్‌లో (కారు కంప్యూటర్ సమాచారం చూపే పరికరంలో) ఒక్కో గ్రూపు వోల్టేజ్‌ను చూడడం తప్పనిసరి. పాడైనదాని స్థానంలో పెట్టే మాడ్యూల్ (కొన్ని సెల్ గ్రూపులున్న పెట్టె) సామర్థ్యంలో పాతవాటికి దగ్గరగా ఉండాలి, బిగించే ముందు దాని వోల్టేజ్‌ను వాటితో సమం చేయాలి.

స్కానర్‌తో లోపం కోడ్ చెరిపితే లోపం పోతుందనుకోవడం పొరపాటు. అంతకన్నా ప్రమాదకరమైన అపోహ, సర్వీస్ ప్లగ్ (ప్యాక్ సర్క్యూట్‌ను తెంచేందుకు ఉండే ప్లగ్) తీస్తే ప్యాక్ నిర్జీవమవుతుందన్నది. ప్లగ్ తీసినా లోపలి భాగాల్లో ప్రాణాంతకమైన వోల్టేజ్ మిగిలే ఉంటుంది. అందుచేత ప్యాక్ తెరిచే పని హై వోల్టేజ్ శిక్షణ, ఇన్సులేటెడ్ గ్లౌజులు ఉన్న మెకానిక్‌దే.