తడి చెత్త ఎలాగూ మట్టిలో కలిసిపోయేదే కదా, డంపింగ్ యార్డుకు వెళితే నష్టమేంటి?

నష్టం చాలానే ఉంది: గుట్టగా పోసిన చెత్తలో గాలి ఆడదు కాబట్టి కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అక్కడ ఎరువుగా మారవు, కుళ్లి మీథేన్ వాయువును వదులుతాయి.

గాలి తగిలే చోట పెరిగే సూక్ష్మజీవులు చెత్తను ఎరువుగా మారుస్తాయి. గాలి అందని చోట వేరే రకం సూక్ష్మజీవులు చేరతాయి, మీథేన్ వాటి వల్లే పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే ఇది సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. యార్డుల్లో మంటలు రేగడానికీ ఇదొక కారణం. పైగా తడి చెత్త నుంచి ఊరే నల్లటి నీరు దారిలో తగిలిన బ్యాటరీలు, మందుల్లోని విషాలను కలుపుకుని నేలలోకి దిగుతుంది. హైదరాబాద్‌ శివార్లలోని జవహర్‌నగర్ యార్డునే చూడండి. ఏళ్ల తరబడి అన్నీ కలిపి పోసిన ఆ గుట్ట ఊటతో పక్కనున్న మల్కారం చెరువు పాడైపోయింది. గుట్టను తర్వాత కప్పినా, చెరువుకు జరిగిన నష్టం తేలిగ్గా పూడేది కాదు.

ఇంట్లో కంపోస్ట్ డబ్బా పెట్టినా ఇదే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. డబ్బాకు రంధ్రాలుండి, తొక్కల మధ్య ఎండుటాకులో కొబ్బరి పీచో వేస్తూ, అప్పుడప్పుడూ కలియబెడితే గాలి బాగా ఆడుతుంది, మీథేన్ చాలా తక్కువ. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందన్నమాట, ఇంకో రెండు గుప్పెళ్ల ఎండుటాకులు వేసి కలపండి.