పెద్ద హోటల్లో మూడు రాత్రులు: అమ్మకు నిద్ర పట్టని గది, పట్టిన గది

"అమ్మానాన్నలను ఒక్కసారైనా ఫైవ్ స్టార్ హోటల్లో ఉంచాలని ఉంది. మహానగరంలో మూడు రాత్రులు. అంత డబ్బు పెట్టినందుకు ఫలితం ఉంటుందా? ఉండి వచ్చినవాళ్లు చెప్పండి" అని అడిగారు. నిరుడు నేను మా అమ్మను తీసుకుని అలాంటి హోటల్లోనే సరిగ్గా మూడు రాత్రులు ఉన్నాను. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, షుగర్. హోటల్ పేరు చెప్పడం లేదు. మాకు ఎదురైనవి ఏ నగరంలో ఏ పెద్ద హోటల్లోనైనా ఎదురయ్యేవే, అందుకని పేరు కంటే జరిగింది చెబితేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందే చెబుతున్నాను, ఫలితం ఉంటుంది. కానీ మొదటి రాత్రి గడిచాక నన్ను అడిగి ఉంటే వద్దనే చెప్పేదాన్ని. అదే హోటల్, అదే మనుషులు. గది మారింది, అంతే.

లాబీ గురించి రాయడానికి ఏమీ లేదు, ఫొటోల్లో ఎలా ఉందో అలాగే ఉంది. మేం ఉదయం 11కే చేరుకున్నాం, గది ఇచ్చింది 3 గంటలకు. తప్పు నాదే. ఇలాంటి చోట్ల చెకౌట్ 11కో 12కో ఉంటుంది, ఆ తర్వాత గదులు శుభ్రం చేయాలి కాబట్టి చెకిన్ 2కో 3కో పెడతారు. పెద్దవాళ్లతో వస్తున్నాం, త్వరగా గది కావాలని రెండు రోజుల ముందు రాసి ఉంటే ఇచ్చే అవకాశం ఉండేది. నేను రాయలేదు. నాలుగు గంటలు అమ్మ ఆ మెత్తటి సోఫాలో కూర్చుంది. కూరుకుపోయే సోఫాలోంచి లేవడం మోకాళ్ల నొప్పులవాళ్లకు ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అడిగితే వెంటనే గట్టి కుర్చీ తెచ్చారు, కానీ అడగాలని నాకు తోచడానికే గంట పట్టింది.

చెకిన్‌లో మరో సంగతి. గది అద్దె ముందే కట్టేసినా, కార్డు మీద కొంత మొత్తం హోల్డ్ పెడతారు. అది ఖర్చు కాదు, ఆ డబ్బు మనం వాడుకోకుండా ఆపి ఉంచడం. చెకౌట్ తర్వాత అది విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది. డెబిట్ కార్డు ఇస్తే మన ఖాతాలోని సొంత డబ్బే ఆగిపోతుంది. క్రెడిట్ కార్డు ఉంటే అదే ఇవ్వండి.

ఇక మొదటి రాత్రి. నాలుగో అంతస్తులో గది ఇచ్చారు. పరుపు, దుప్పటి, దిండ్లు, దేనికీ వంక పెట్టలేం. తొమ్మిదిన్నరకు దీపాలార్పి పడుకున్నాం. పది నిమిషాలకు నేలలోంచి దబ్ దబ్‌మని చప్పుడు మొదలైంది. పాట వినబడడం లేదు, దరువు ఒక్కటే మంచం కాళ్ల గుండా పైకి వస్తోంది. కిందనే బాంక్వెట్ హాల్, అందులో ఏదో వేడుక. అది పన్నెండున్నరకు ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు పక్క గదిలో టీవీ. గోడ గట్టిదే, కానీ రెండు గదుల మధ్య తలుపు ఉంది. కుటుంబాలు రెండు గదులు తీసుకుంటే కలిపి వాడుకోవడానికి పెట్టే కనెక్టింగ్ డోర్ అది. తాళం వేసే ఉంది, కానీ దాని కింది సందులోంచి మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. చివరికి ఐదింటికి మా తలుపు ఎదురుగా హౌస్‌కీపింగ్ వాళ్ల సామాన్ల గది తెరుచుకుంది. ట్రాలీ చక్రాల చప్పుడు.

మధ్యలో రెండున్నరకు లేచి చూస్తే అమ్మ మంచం అంచున కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. "ఏమే, నువ్వూ మేలుకునే ఉన్నావా? ఇంత డబ్బు పోసి నిద్ర లేకుండా చేశానే నిన్ను" అంది, తప్పు తనదన్నట్టు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. తీసుకొచ్చింది నేను. కానీ తనకోసమే నేనంత ఖర్చు పెట్టానని అమ్మ ముడుచుకుపోతోంది.

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర ఎవరికైనా పలచగానే ఉంటుందట. 2016లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని మెదడు తరంగాలు కొలిచి చూపించారు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం పూర్తిగా గాఢనిద్రలోకి వెళ్లకుండా, చిన్న చప్పుళ్లకు కూడా స్పందిస్తూ కొంత మెలకువగా ఉంటుంది. అంటే మామూలుగా మనం పట్టించుకోని చప్పుడే ఆ రాత్రి లేపేస్తుంది. పడకగదిలో ఆగకుండా వచ్చే శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ లెక్కన మొదటి రాత్రికే అన్నిటికంటే నిశ్శబ్దమైన గది కావాలి. మాకు దొరికింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

బుక్ చేసేముందు నేను కనీసం వంద రివ్యూలు చదివి ఉంటాను. ఈత కొలను నీలం, లాబీ పూలు, బ్రేక్‌ఫాస్ట్‌లో ఎన్ని రకాలు, అన్నీ ఉన్నాయి. "నాలుగో అంతస్తు గదులు బాంక్వెట్ హాల్ మీద ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం ఎవరూ రాయలేదు. హోటల్లో మనం కొనేది ముందు రాత్రి నిద్ర, మిగతావన్నీ దాని తర్వాత. మీరు వచ్చాక రివ్యూ రాస్తే దయచేసి ఏ అంతస్తు, లిఫ్ట్‌కి ఎంత దూరం, కిటికీ రోడ్డు వైపా లోపలి వైపా, రాత్రి ఏం వినబడింది, ఇవి రాయండి. తర్వాత వెళ్లేవాళ్లు ఎవరి అమ్మనో వెంటబెట్టుకుని వెళ్తారు.

ఉదయం ఎనిమిదికి కిందికి వెళ్లి డ్యూటీ మేనేజర్‌తో మాట్లాడాలని అడిగాను. ముందు రోజంతా టెన్షన్‌తో ఉన్నాను కాబట్టి కోపం వచ్చేలాగే ఉంది, కానీ రాత్రి ఫోన్‌లో రాసుకున్నది చూసి చదివాను. పన్నెండున్నర దాకా దరువు, ఒంటిగంట దాకా పక్క గది టీవీ, ఐదింటికి ట్రాలీ. "గది బాలేదు" అని ఉంటే క్షమాపణ, ఒక పళ్ల బుట్ట వచ్చేవేమో. సమయాలు చెప్పేసరికి ఆయనకు సమస్య ఎక్కడుందో వెంటనే అర్థమైంది. డబ్బు తగ్గించమని నేను అడగలేదు. పై అంతస్తు, కనెక్టింగ్ డోర్ లేని గది, లిఫ్ట్‌కీ సామాన్ల గదికీ దూరంగా, అయితే అన్నిటికంటే పైన ఉండే అంతస్తు మాత్రం వద్దు అన్నాను. చాలా భవనాల్లో పైకప్పు మీద కూలింగ్ యంత్రాలో, జిమ్మో, కొలనో ఉంటాయి, వాటి కంపనం కింది గదికి వస్తుంది.

ఆయన రెండు గదులు చూపించారు. రెండింట్లోనూ ఏసీ ఆపించి, తలుపు వేసి, ఐదేసి నిమిషాలు ఊరికే నిలబడ్డాను. మొహమాటపడకండి, వాళ్లకు ఇది కొత్త కాదు. రెండో గది, పదహారో అంతస్తు, కారిడార్ చివర. సామానంతా వాళ్లే మార్చారు. అమ్మ మాత్రలు మంచం పక్కన ఏ వరసలో పెట్టుకుందో అదే వరసలో కొత్త గదిలో పెట్టి ఉన్నాయి. మామూలు హోటల్లో కూడా గది మారుస్తారు. ఆ మాత్రల వరస చూసి పెట్టే మనిషి ఉండడం దగ్గరే నేను కట్టిన డబ్బు నాకు కనబడింది.

ఆ రాత్రి అమ్మ ఏడింటి దాకా పడుకుంది. నేను నాలుగింటికి ఒకసారి లేచి, ఊపిరి వినబడుతోందా అని చూశాను కూడా. అంత కదలకుండా పడుకోవడం నేను చాలాకాలంగా చూడలేదు.

నిద్ర కోసం ఇంకో రెండు చిన్న పనులు. బ్లాకౌట్ కర్టెన్లు ఎంత మందంగా ఉన్నా మధ్యలో సందు ఉంటుంది, తెల్లవారుజామున ఆ చీలికలోంచి వెలుగు సరిగ్గా కళ్ల మీద పడుతుంది. అల్మరాలో ప్యాంట్లు తగిలించే క్లిప్ హ్యాంగర్ ఉంటుంది కదా, దాంతో రెండు తెరలూ కలిపి పట్టేయండి. రెండోది ఏసీ. కొన్ని హోటళ్లలో గదిలో కదలిక ఉందో లేదో చూసే సెన్సర్‌కి ఏసీని కలుపుతారు. కదలకుండా నిద్రపోతే మనిషి లేడనుకుని అది ఏసీ తగ్గించేస్తుంది. అర్ధరాత్రి ఉక్కపోసి లేస్తే కారణం ఇదే కావచ్చు. ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేస్తే సరిచేస్తారు.

బాత్‌రూమ్ గురించి తప్పక చెప్పాలి, మీరు పెద్దవాళ్లను తీసుకెళ్తున్నారు కాబట్టి. పాలరాయి, నిలువెత్తు అద్దం, చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంది. షవర్ మాత్రం బాత్‌టబ్ లోపలే. స్నానం చేయాలంటే నా మోకాలి ఎత్తున్న అంచు దాటి లోపల కాలు పెట్టాలి. పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. అమ్మ ఒక చేయి నా భుజం మీద, ఇంకో చేయి వాష్‌బేసిన్ అంచు మీద వేసి, ముందు కుడికాలు లోపల పెట్టింది. తడి పింగాణీ మీద పాదం అంగుళం జారింది. పడలేదు, కానీ ఆ అంగుళం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ తర్వాత తువ్వాలు మడిచి టబ్‌లో పరిచి దాని మీద నిలబెట్టాను.

మధ్యాహ్నం గది సర్దడానికి వచ్చినావిడ ఆ తడి తువ్వాలు చూసి, మేమేమీ చెప్పకుండానే, "అమ్మగారికి ఎక్కడం కష్టంగా ఉందా?" అని అడిగింది. పావుగంటలో జారని రబ్బరు చాప, చిన్న ప్లాస్టిక్ స్టూల్ తెచ్చింది. అవి హోటల్ దగ్గర ముందునుంచీ ఉన్నాయి. ఉన్నాయని చెప్పే కాగితం గదిలో ఎక్కడా లేదు. మీరు బుక్ చేసేటప్పుడే టబ్ లేకుండా నేరుగా నడిచి వెళ్లే షవర్ ఉన్న గది కావాలని అడగండి. వికలాంగుల కోసం కేటాయించే గదుల్లో కడ్డీలు, స్టూల్ ఉంటాయి. అవి కొన్నే ఉంటాయి కాబట్టి నిజంగా అవసరం ఉంటే ముందే చెప్పాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ వాడుతుంటే ఇది చదవండి. అమ్మ వాడే ఇన్సులిన్ పెన్నుల్లో (పెన్ను ఆకారపు ఇంజెక్షన్లు) ఇంకా తెరవనివాటిని నేను మినీబార్‌లో, అంటే గదిలో డ్రింకులు పెట్టే చిన్న ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం చూస్తే లోపల చల్లగా లేదు, చల్లగా ఉన్నట్టు ఉంది, అంతే. చప్పుడు రాకూడదని చాలా మినీబార్‌లు కంప్రెసర్ లేకుండా చేస్తారు, అవి మన ఇంటి ఫ్రిజ్ అంత కచ్చితంగా చల్లదనాన్ని పట్టి ఉంచలేవు. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. మందుల కోసం వేరే ఫ్రిజ్ ఇవ్వమంటే గంటలో తెచ్చిపెట్టారు, దానికి డబ్బు తీసుకోలేదు. పైగా కొన్ని మినీబార్‌లలో ప్రతి సీసా కింద సెన్సర్ ఉంటుంది, చోటు కోసం సీసా పక్కకి జరిపితే తాగినట్టు బిల్లులో పడుతుంది. మా బిల్లులో రెండు అలా పడ్డాయి. చెప్పగానే తీసేశారు, కానీ చెకౌట్‌లో బిల్లు వరస వరస చదవకపోతే కట్టేసి వచ్చేవాళ్లం.

స్టార్లు చూసి నిర్ణయించుకోవద్దని కూడా చెప్పాలి. ప్రపంచమంతటికీ ఒకే కొలత లేదు, ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఐరోపాలో కొన్ని దేశాలు కలిసి 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్ పేరుతో ఉమ్మడి ప్రమాణాలు పెట్టుకున్నాయి, మిగతా చోట్ల ఎవరి లెక్క వారిదే. సెవెన్ స్టార్ అన్న వర్గం అధికారికంగా లేనే లేదు. ఆ పేరుతో ప్రచారమైన దుబాయ్‌లోని బుర్జ్ అల్ అరబ్ కూడా అధికారికంగా ఫైవ్ స్టారే. స్టార్లు ఎక్కువగా ఏ సదుపాయాలున్నాయో లెక్కపెడతాయి. మీ గది బాంక్వెట్ హాల్ మీద ఉందో లేదో అవి చెప్పవు.

కాబట్టి మీరు చేయాల్సింది ఒక్కటి. డబ్బు కట్టకముందే హోటల్‌కి నేరుగా ఒక మెయిల్ రాయండి. నేనైతే ఇప్పుడు ఇలా రాస్తాను: "మా తల్లిదండ్రులు పెద్దవాళ్లు. పై అంతస్తుల్లో, అయితే చివరి అంతస్తు కాకుండా, లిఫ్ట్‌కీ సామాన్ల గదికీ దూరంగా, కనెక్టింగ్ డోర్ లేని గది కావాలి. ఆ తేదీల్లో బాంక్వెట్ హాల్‌లో రాత్రి కార్యక్రమాలు ఉన్నాయా? స్నానానికి నేరుగా నడిచి వెళ్లే షవర్, జారని చాప, స్టూల్ కావాలి. మందుల ఫ్రిజ్ కావాలి. వీలైతే ఉదయమే గది ఇవ్వండి." చేరడానికి ముందు రోజు ఫోన్ చేసి ఇదే మళ్లీ గుర్తుచేయండి. చాలా చోట్ల ఎవరికి ఏ గది అన్నది చివరి రోజునో, ఆ ఉదయమో తేలుస్తారు.

ఆ మెయిల్‌కి ఒక్కో విషయానికీ విడివిడిగా జవాబు వస్తే నిశ్చింతగా బుక్ చేయండి. "మీ కోరికలను గమనించాం, లభ్యతను బట్టి చూస్తాం" అని ఒక్క వాక్యం వస్తే ఇంకో హోటల్‌కి రాయండి. మీరు వెళ్లే తేదీలు, అమ్మానాన్నల ఆరోగ్య పరిస్థితి కింద రాస్తే, ఆ మెయిల్‌లో ఇంకేం అడగాలో నాకు తెలిసినంతలో చెబుతాను.