టెక్ సందేహాలు: సినిమా ఎక్కడుంది, అకౌంట్ ఎవరిది?

గే కథలతో వచ్చే ఇండిపెండెంట్ సినిమాలు, షార్ట్ ఫిల్ములు ఎక్కడ చూడాలి, ఎట్లా చూడాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య జాస్తి అయ్యారు. 'సబర్ బోండ' థియేటర్లకు వచ్చి వెళ్లినప్పట్నుంచి మరీను. అందుకే ఈసారి ప్రింటర్లు, రూటర్లు పక్కనబెట్టి ఈ ప్రశ్నలే తీసుకున్నాను. పేర్లు వేయొద్దని అందరూ కోరారు. పేర్లతో పాటు వీధుల సంగతీ తీసేశాను. ఇవన్నీ ఒకచోట పెట్టుకుని చదివితే ఒకటి తెలిసింది. సినిమా దొరక్కపోవడం వీళ్ల కష్టంలో సగమే. అది ఎవరి అకౌంట్లో, ఎవరి ఫోన్ నంబరు మీద నడుస్తోందన్నది మిగతా సగం.

'సబర్ బోండ' మా ఊళ్లో ఆడిందో లేదో కూడా తెలియలేదు. ఓటీటీల్లో తెలుగులో టైప్ చేస్తే ఏమీ రావడం లేదు. ఇట్లాంటివి ఇంకెక్కడ దొరుకుతాయి?
– యూనివర్సిటీ విద్యార్థి, తిరుపతి

రోహన్ పరశురామ్ కనవడే తీసిన మరాఠీ సినిమా ఇది. 2025లో అమెరికాలో జరిగిన సన్‌డాన్స్ సినిమా ఫెస్టివల్లో ప్రపంచ సినిమా విభాగంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరు 19న మన దేశంలో విడుదలైంది. విడుదల చేసింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా. తండ్రి పోతే పది రోజుల మైలకు ముంబై నుంచి సొంతూరికి వచ్చిన కొడుకు, పెళ్లెప్పుడని ప్రాణం తీసే బంధువులు, ఊళ్లోనే సేద్యం చేసుకుంటున్న చిన్ననాటి స్నేహితుడు. భాష మారిస్తే పుంగనూరు పక్క పల్లెలో జరిగిందంటే నమ్మొచ్చు.

ఇక మీ ప్రశ్న. ఫలానా ఓటీటీలో ఉందని ఈరోజు నేను రాసినా వచ్చే నెలకు ఆ మాట చెల్లకపోవచ్చు. చిన్న సినిమాల హక్కులు ఒక్కో దేశానికి వేరుగా, కొంత కాలానికే అమ్ముడవుతాయి. గడువు తీరితే చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. కాబట్టి వెతికే పద్ధతి ఒకటి పట్టుకోండి. జస్ట్‌వాచ్ అనే సైటు తెరిచి, దేశం దగ్గర ఇండియా పెట్టి సినిమా పేరు కొట్టండి. ఏ ఓటీటీలో ఉందో, అద్దెకా, చందాకా, ఉచితమా అన్నీ అదే చెబుతుంది. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. దొరక్కపోతే ఆ సినిమా విదేశాల్లో తిరిగిన పేరుతోనూ వెతకాలి. దీన్ని బయట 'కాక్టస్ పేర్స్' అంటారు.

నెట్‌ఫ్లిక్స్ ఉంటే బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్ అడ్రసు తర్వాత బ్రౌజ్, స్లాష్, జానర్, స్లాష్, 5977 అని కొట్టండి. ఈ తరహా సినిమాలన్నీ ఒకే పేజీలో వస్తాయి. మామూలుగా మన ముందుకు రానివి కూడా అక్కడ కనబడతాయి. ఫెస్టివల్స్‌లో తిరిగిన సినిమాల కోసమైతే ముబి అనే ఓటీటీ మేలు. తైవాన్ నుంచి నడిచే గాగాఊలాలా పూర్తిగా ఈ కథలకే పెట్టిన ఓటీటీ. ఆసియా షార్ట్ ఫిల్ములు, సిరీస్‌లు అందులో బాగా ఉంటాయి. కొన్ని ఉచితం కూడా.

పైసా ఖర్చు లేకుండా చూడాలంటే 'ఫైవ్ ఫిల్మ్స్ ఫర్ ఫ్రీడమ్' గుర్తుపెట్టుకోండి. బ్రిటిష్ కౌన్సిల్, లండన్‌లో జరిగే బీఎఫ్ఐ ఫ్లేర్ ఫెస్టివల్ కలిసి 2015లో మొదలుపెట్టాయి. మార్చి నెలలో ఆ ఫెస్టివల్ జరిగే కొద్దిరోజులూ అయిదు షార్ట్ ఫిల్ములు ప్రపంచమంతా ఉచితంగా చూడొచ్చు. నా మట్టుకు, ఈ విషయంలో కొత్తగా చూసేవాళ్లు రెండు గంటల సినిమా కంటే పదిహేను నిమిషాల షార్ట్‌లతో మొదలుపెట్టడమే మంచిది. చాలా పెద్ద సినిమాల్లో గే పాత్ర చావడానికో, హీరోకు బుద్ధి చెప్పడానికో వస్తుంది. షార్ట్‌లలో ఆ బెడద తక్కువ.

హాల్లో ఒకటే టీవీ. నెట్‌ఫ్లిక్స్ నాన్న అకౌంట్. నా ప్రొఫైల్ వేరే ఉంది. అర్ధరాత్రి ఫోన్లో చూసినా పొద్దున్నే టీవీలో 'కంటిన్యూ వాచింగ్' అని బొమ్మ కనబడుతోంది. ఇంకాగ్నిటోలో చూస్తే సరిపోతుందా అన్నా?
– ప్రైవేటు ఉద్యోగి, రేణిగుంట

సరిపోదు. ఇంకాగ్నిటో దాచేది మీ ఫోన్ బ్రౌజర్ హిస్టరీని మాత్రమే. నెట్‌ఫ్లిక్స్‌లో లాగిన్ అయ్యారంటే ఏం చూశారో నెట్‌ఫ్లిక్స్ రాసుకుంటుంది, ఆ ప్రొఫైల్ తెరిచిన ప్రతి తెర మీదా చూపిస్తుంది.

ముందు చేయాల్సింది ప్రొఫైల్‌కు నాలుగంకెల పిన్ పెట్టడం. అయితే అకౌంట్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఆ పిన్‌ను తీసేయగలరు. మీ ఇంట్లో పాస్‌వర్డ్ నాన్నది. ఇక చూసినదాన్ని దాచాలంటే యాప్‌ను వదిలేసి బ్రౌజర్‌లో అకౌంట్ పేజీ తెరవండి. మీ ప్రొఫైల్ కింద 'వ్యూయింగ్ యాక్టివిటీ' ఉంటుంది. సినిమా పేరు పక్కన అడ్డగీత ఉన్న గుండ్రటి గుర్తు నొక్కితే అది జాబితాలోంచి పోతుంది. అన్ని పరికరాల్లోనూ పోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. రాత్రి చూసి పొద్దున్నే దాచితే, టీవీలో ఆ బొమ్మ రోజంతా కూర్చునే ఉండొచ్చన్నమాట. పిన్ ముందే పెట్టుకోమనేది అందుకే.

యూట్యూబ్‌లో పని కొంచెం సులువు. యాప్‌లో మీ బొమ్మ నొక్కి ఇంకాగ్నిటో ఆన్ చేయొచ్చు, లేదా వాచ్ హిస్టరీ పాజ్ చేయొచ్చు. ఒక చిక్కుంది. ఈ షార్ట్‌లలో కొన్నిటికి 18 ఏళ్ల నిబంధన పెడతారు. అవి లాగిన్ లేకుండా తెరుచుకోవు, ఇంకాగ్నిటోలో రావు. వాటికి మీ సొంత గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి, హిస్టరీ పాజ్‌లో పెట్టి చూడండి. అదే అకౌంట్ టీవీలోనూ ఉంటే ముందు టీవీలోంచి తీసేయండి.

మీరు అడగలేదు గానీ, జనం ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే: క్యాస్టింగ్. ఇంట్లో ఎవరూ లేరని ఫోన్లోంచి టీవీకి క్యాస్ట్ చేస్తారు. అదే వైఫైలో ఉన్న ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ సినిమా పేరుతో సహా నోటిఫికేషన్ రావచ్చు. వంటింట్లో అమ్మ ఫోన్‌లో కూడా. గూగుల్ హోమ్ యాప్‌లో ఆ టీవీ సెట్టింగ్స్ తెరిచి 'లెట్ అదర్స్ కంట్రోల్ యువర్ క్యాస్ట్ మీడియా' ఆఫ్ చేయాలి. బ్లూటూత్ కూడా అంతే. ఇయర్‌ఫోన్ చార్జింగ్ అయిపోతే కొన్ని ఫోన్లు చటుక్కున హాల్లో స్పీకర్‌కు కలిసిపోతాయి. ఆ స్పీకర్‌ను మీ ఫోన్లోంచి 'ఫర్గెట్' చేసేయండి.

వైఫై రూటర్ నుంచి నాన్న చూస్తారేమోనన్న భయం చాలామందికి ఉంది. ఏ సైటుకు వెళ్లారన్నది రూటర్‌కు తెలియొచ్చు. అందులో ఏ సినిమా చూశారన్నది తెలియదు.

వీటన్నిటికంటే తేలిక దారి, సొంత అకౌంట్. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ నెలకు 149 రూపాయలు. ఫోన్, ట్యాబ్‌లలోనే వస్తుంది, టీవీకి పోదు. మీకు కావాల్సిందీ అదే. కాకపోతే డబ్బు కట్టేటప్పుడు చూసుకోండి. బ్యాంకు ఖాతాకు నాన్న నంబరు ఉంటే ఆటోపే మెసేజ్ ఆయనకే పోతుంది. మీ నంబరుతో ఉన్న ఖాతాలోంచి కట్టండి, లేదంటే గిఫ్ట్ కార్డు కొనుక్కోండి. ఇంట్లో ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో మీరు తేల్చుకోవాల్సిన సంగతి. టీవీ హోమ్ స్క్రీన్‌కు ఆ పెత్తనం ఇవ్వకండి.

టెలిగ్రామ్‌లో గే షార్ట్ ఫిల్ముల గ్రూప్ అంటే చేరాను. వాళ్ల యాప్ వేసుకుంటే అన్నీ ఫ్రీ అన్నారు. వేసుకున్నాక కాంటాక్ట్స్ అన్నీ తీసుకుని, డబ్బులు పంపకపోతే మా వాళ్లందరికీ చెబుతామని బెదిరిస్తున్నారు. పోలీసుల దగ్గరికి పోతే నన్నే పట్టుకుంటారేమో సార్.
– చిత్తూరు

ముందు చివరి మాటకు జవాబు. మిమ్మల్ని పట్టుకోవడానికి ఏ సెక్షనూ లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పరస్పర ఇష్టంతో పెద్దవాళ్ల మధ్య ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, దాన్ని నేరమన్న పాత 377 సెక్షనే లేదు. నేరం చేస్తున్నది వాళ్లు. బెదిరించి డబ్బు గుంజడానికి అదే సంహితలో 308వ సెక్షన్ ఉంది.

ఒక్క రూపాయి పంపకండి. ఒకసారి పంపితే ఇచ్చేవాడు దొరికాడని మళ్లీ అడుగుతారు. చాట్‌లు, నంబర్లు, యూపీఐ ఐడీలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో చోట దాచండి. చాట్ డిలీట్ చేయొద్దు, ఆధారం పోతుంది. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఆ యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే, సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ', 'డివైస్ అడ్మిన్' రెండుచోట్లా దాని అనుమతి రద్దు చేసి తీయండి. ఇంకో ఫోన్ నుంచి జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుని ఉంటే ఓటీపీలు కూడా వాళ్లకు పోతున్నట్టే లెక్క. అప్పుడు ఫోన్ పూర్తిగా రీసెట్ చేయాల్సిందే. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఇవ్వండి. ఏ సినిమా కోసం చేరారో అందులో వివరంగా రాయక్కర్లేదు. 'సినిమాల యాప్ అని వేసుకున్నాను' అంటే చాలు. మనసు మరీ కలతగా ఉంటే 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పగలైనా.

మిగతావాళ్లకు ఒక మాట. ప్లే స్టోర్‌లో లేని సినిమా యాప్ ఏదైనా సరే, వేసుకోకండి. పెద్ద హీరో సినిమా పైరసీ చేసేవాడికి ప్రకటనల డబ్బు చాలు. ఈ సినిమాల పేరు చెప్పి పిలిచేవాడికి మీ భయమే పెట్టుబడి.

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. పోయిన పండక్కి వచ్చి తన సంగతి చెప్పినాడు. నాకు ఏమనాలో తెలియలేదు. ఇట్లాంటి సినిమా ఏదన్నా చూస్తే అర్థమవుతుందేమో అనుకుంటున్నా. నాకు హిందీ, ఇంగ్లీషు రావు.
– ఒక తల్లి, పుత్తూరు

అమ్మా, శ్రీధర్ రంగయన్ 2018లో తీసిన 'ఈవెనింగ్ షాడోస్' మీ కోసమే తీసినట్టుంటుంది. దక్షిణాదిలో చిన్న ఊరు, ఇంటికొచ్చిన కొడుకు తల్లికి తన సంగతి చెబుతాడు. సినిమా అంతా ఆ తల్లిదే. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది. ఇప్పుడెక్కడుందో పైన చెప్పిన జస్ట్‌వాచ్‌లో మీ అబ్బాయినే చూడమనండి. అడగడానికి ఒక సాకు కూడా దొరుకుతుంది.

భాష సంగతి. నెట్‌ఫ్లిక్స్ మన ప్రొఫైల్‌ను బట్టి కొన్ని భాషలే చూపిస్తుంది. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు టిక్ పెడితే, ఆ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నప్పుడు బయటపడతాయి. యూట్యూబ్ షార్ట్ ఫిల్ములకైతే ల్యాప్‌టాప్‌లో వీడియో కింద గేర్ గుర్తు, సబ్‌టైటిల్స్, 'ఆటో ట్రాన్స్‌లేట్', తెలుగు. మిషన్ అనువాదం కాబట్టి నవ్వొచ్చే మాటలూ పడతాయి. ఏడవాల్సిన చోట కూడా. కథ మాత్రం అందుతుంది. అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో సబ్‌టైటిల్ ఫైల్ పెట్టి ఇస్తే టీవీలో అక్షరాల బదులు డబ్బాలు రావచ్చు. చాలా టీవీల సొంత ప్లేయర్లకు తెలుగు ఒత్తులు పలకవు. టీవీలో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేసి, ఫైల్‌ను తెలుగు అక్షరాలు చెదరని యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయమనండి.

వీపీఎన్ పెట్టుకుని అమెరికా ఓటీటీలు చూడటం నేరమా? – శ్రీకాళహస్తి

మీరు వేరే దేశంలో ఉన్నట్టు సైట్లకు చూపించేదే వీపీఎన్. దాన్ని వాడటం నేరం కాదు. ఓటీటీ నిబంధనలకు మాత్రం విరుద్ధం, ఎప్పుడైనా ఆపేయొచ్చు. ఉచిత వీపీఎన్‌ల జోలికి పోకండి. మీరు ఏం చూస్తున్నారో దాచుకోవాలనే కదా మీ తాపత్రయం, ఊరూ పేరూ లేని కంపెనీకి అదంతా అప్పజెప్పడం ఎందుకు? మన దేశంలో సేవలిచ్చే వీపీఎన్ కంపెనీలు వాడేవాళ్ల వివరాలు అయిదేళ్లు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం కూడా ఇచ్చింది.

ఫోన్‌తో పద్నాలుగు నిమిషాల షార్ట్ తీశాం. ఇద్దరు అబ్బాయిల కథ, తోతాపురి కోతల కాలంలో. యూట్యూబ్‌లో పెట్టేయమంటారా? వెనకాల ఒక అన్నమయ్య కీర్తన వాడాం, ఇబ్బందా?
– ఇద్దరు మిత్రులు, పలమనేరు

భేష్. ఫోన్‌తో తీశామని చిన్నబోకండి. అమెరికా దర్శకుడు షాన్ బేకర్ 2015లో వచ్చిన 'టాంజరిన్'ను ఐఫోన్ 5ఎస్‌లతోనే తీశాడు. సన్‌డాన్స్‌లో వేశారు.

యూట్యూబ్‌లో ఇప్పుడే పెట్టకండి. చాలా ఫెస్టివల్స్ అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్న సినిమా తీసుకోవు. ముంబైలో 2010 నుంచి జరుగుతున్న కశిష్ క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్ మీకు మొదటి గురి. బెంగళూరు క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్ పలమనేరుకు మరీ దగ్గర, బస్సెక్కితే పొద్దుగూకే లోపల దిగొచ్చు. ఫెస్టివల్ వాళ్లకు పంపడానికి విమియో అనే వీడియో సైటులో పాస్‌వర్డ్ పెట్టిన లింక్ మంచిది. యూట్యూబ్ 'అన్‌లిస్టెడ్' అంటే దాచినట్టు కాదు. లింక్ ఎవరి చేతికి పోతే వాళ్లు చూస్తారు, ఇంకొకరికి పంపుతారు.

కీర్తన విషయం. అన్నమయ్య 1503లోనే పోయాడు. ఆయన సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. మీరు వాడిన రికార్డింగ్‌కు మాత్రం హక్కుదారు ఉంటాడు. సౌండ్ రికార్డింగ్‌కు మన దేశంలో 60 ఏళ్ల రక్షణ. పైగా మనం వినే చాలా కీర్తనలకు బాణీలు కట్టింది గత వందేళ్లలోని వాళ్లే, 2025లో తిరుపతిలోనే కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు. ఆ బాణీకీ హక్కుంది. మీ స్నేహితురాలి చేత పాడించినా బాణీ పాతదో కొత్తదో చూసుకోవాలి. కీర్తన లేకపోతే కథ నిలబడదా? తోటలో గాలి, కోసిన కాయలు గంపలో పడే చప్పుడు మీరే రికార్డు చేసి పెట్టండి. ఉచితం, పైగా ఎవరూ కాపీరైట్ నోటీసు పంపరు.

నటించిన ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఫెస్టివల్లో వేయడానికి ఒకటి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒకటి, విడివిడిగా. ముంబై హాల్లో తెర మీద కనబడటానికి ఒప్పుకున్న అబ్బాయి, పలమనేరు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడానికి ఒప్పుకోకపోవచ్చు.