శ్రీనూ, ఆ 1996 బరోలో సీసా తెరిచే ముందు

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

స్వాతి ముప్పయ్యో పుట్టినరోజుకి తను పుట్టిన ఏడాది బరోలోనే, అదే ఆ ఇటలీ ఎర్ర వైన్‌నే, తెరవాలని, ఆల్బా ఊళ్లో వెతికి మరీ కొన్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. వినగానే గర్వంగా అనిపించింది, ఆ వెంటనే కంగారూ పట్టుకుంది. ఎంపికలో వంక పెట్టడానికి లేదు. 1996లో ఆ వైన్ పుట్టే లాంగే కొండల్లో ద్రాక్ష నిదానంగా పండింది. బరోలో చేసే నెబ్బియోలో రకం ద్రాక్షకి అసలే వగరూ పులుపూ ఎక్కువ, ఆ ఏడు మరీ గట్టిగా పట్టాయి. అందుకే కుర్రతనంలో మింగుడుపడని ఆ వైన్ ఇన్నేళ్లు నిలబడింది. ఎండలకు మగ్గిన 1997 ముందే రుచికొచ్చింది, చాలా సీసాల్లో ముందే దిగజారింది కూడా.

ఏ ఊరి తోటదో లేబుల్ మీద చూడు. సెర్రలుంగా దాల్బా, మోంఫోర్తే వైపుదైతే ఇంకా పట్టు ఉంటుంది. లా మోర్రాదైతే సాధారణంగా మెత్తన, తెరిచాక ఎక్కువసేపు ఆగకు. సీసా నిలబెట్టి, బిరడా అడుగుకీ వైన్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలువు. మూడు నాలుగు సెంటీమీటర్లు ఈ వయసుకి మామూలే. ఏడు దాటితే అనుమానించాల్సిందే. ఎలా ఉన్నా, ఆ రాత్రికి ఇంకో సీసా పక్కన పెట్టుకో. బిరడా వాసన పట్టిన సీసా ఎవరి చేతికైనా రావచ్చు, అందులో నీ తప్పేమీ ఉండదు.

ఇప్పుడది ఎక్కడుంది? ఫ్రిజ్ పైన పెట్టి ఉంటే ఈ ఉత్తరం పక్కన పడేసి ముందు దాన్ని దించు. అక్కడి వేడికి కొన్ని వారాల్లోనే పాడవ్వచ్చు. పన్నెండు, పద్నాలుగు డిగ్రీలుండే చీకటి చోట పడుకోబెట్టు. పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు మెల్లగా నిలబెట్టు, ఆపైన ముట్టుకోకు. నెబ్బియోలో మడ్డి చాలా మెత్తని పొడి. కదిపితే వైన్ అంతా కలిసిపోతుంది, చేదొస్తుంది, మళ్లీ అడుక్కి చేరడానికి రోజులు పడుతుంది.

బిరడాకి మామూలు స్క్రూ వాడకు. ముప్పై ఏళ్ల బిరడా నడుమ మెత్తబడి ఉంటుంది, స్క్రూ దాన్ని తొలిచేసి ముక్కలు చేస్తుంది. రెండు పల్చటి రేకులుండే పుల్లర్ కొను. పొడుగు రేకుని ముందు దించి, అటూ ఇటూ ఊపుతూ రెండూ లోపలికి పోనిచ్చి, తిప్పుతూ పైకి లాగాలి. కిందికి నొక్కావంటే బిరడా సీసాలో పడుతుంది. పడినా గాభరా పడకు, పల్చటి గుడ్డలో వడకట్టుకోవచ్చు. మూతి మీద నల్లగా బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచెయ్, లోపలి వైన్‌కి దానివల్ల ఏమీ కాదు.

అన్నిటికన్నా నా భయం డికాంటర్ గురించి, అదే వైన్ వంచుకునే గాజు కూజా గురించి. బరోలో అంటే పొద్దున్నే డికాంటర్‌లో పోసి సాయంత్రం దాకా గాలి తగలనివ్వాలని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాట ఎనిమిదేళ్లదానికి, పదేళ్లదానికి సరిపోతుంది. కుర్ర వైన్‌లో వగరు ముదురుగా ఉండి పరిమళాన్ని కప్పేస్తుంది, గాలి తగిలితే కాస్త విచ్చుకుంటుంది. ముప్పై ఏళ్లలో ఆ వగరునిచ్చే పదార్థాల్లో చాలా భాగం ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, మడ్డిగా దిగిపోయింది. గాలి చేయాల్సిన పని కాలమే చేసేసింది. ఇక మిగిలింది ఎండు గులాబీ, తారు, అతిమధురం, పుట్టగొడుగు, తడి ఆకుల వాసనలు. అవి సున్నితమైనవి. వెడల్పు అడుగున్న డికాంటర్‌లో ఆ ముప్పావు లీటరూ పల్చగా పరుచుకుంటే, మీరు భోజనానికి కూర్చునేసరికి ఆ వాసనలు పోయి పులుపూ చేదూ మిగలొచ్చు. పోయిన పరిమళాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం లేదు. అప్పుడు జనం వైన్‌దే తప్పంటారు, ముసలిదైపోయిందంటారు. కాదురా, అది తొందరపాటు ఫలితం. చిన్నప్పుడు దేవుడి గదిలో నైవేద్యం పెట్టకముందే చక్రపొంగలి గిన్నెలో వేలు పెట్టేవాడివి. ఆ తొందర ఇంకా పోలేదని అక్క అంటుంది, అందుకే ఇంత చెబుతున్నాను.

భోజనానికి మూడు గంటల ముందు, నిలబెట్టిన చోటే బిరడా తీయి. ముప్పై మిల్లీలీటర్లు గ్లాసులోకి వంచి వాసన చూడు. మొదట మూసేసిన గది వాసన రావచ్చు, పావుగంటలో పోతుంది. తడి అట్టపెట్టె వాసన వచ్చి, సమయం గడిచేకొద్దీ పెరిగితే బిరడా చెడినట్టే, రెండో సీసా తెరువు. పరిమళం అప్పటికే బాగుంటే బిరడా మళ్లీ పెట్టి ఊరుకో. ముడుచుకుని ఉంటే అలాగే తెరిచి ఉంచు, సన్నని మూతిలోంచి తగిలే గాలి చాలు. కూర్చునే ముందు మాత్రమే డికాంటర్‌లోకి తేట వంచుకోవాలి. చారు తేట వంచినట్టే, చెయ్యి ఆపకుండా ఒకే ధారగా. సీసా మెడ కింద టార్చి వెలిగించి చూస్తూ, మడ్డి సీసా భుజం దాకా రాగానే ఆపు. అడుగున యాభై మిల్లీలీటర్లు పోయినా బాధపడకు.

వడ్డించేటప్పుడు పదహారు, పదిహేడు డిగ్రీలు, పెద్ద బుడ్డ గ్లాసు, ఒక్కోసారి మూడో వంతు కూడా నింపకు. రంగు ఇటుక రంగులోకి, అంచున నారింజలోకి తిరిగి ఉంటే పాడైందనుకోవద్దు, నెబ్బియోలోకి వయసొచ్చిన గుర్తు అది.

వంట స్వాతికి ఇష్టమైనదే చేయి, కాని గోంగూర మాంసం ఇంకో రోజుకి. కారానికి ఆల్కహాల్ తోడై నోరు మండుతుంది, గోంగూర పులుపు ముందు వైన్ చప్పగా తేలిపోతుంది. వెన్నలో కలిపిన తయారిన్, అంటే సన్నని గుడ్డు పాస్తా కానీ, బరోలోలో నిదానంగా ఉడికించిన మాంసం కానీ పెట్టు. అత్తగారు మాంసం ముట్టరు కదా, ఆవిడకి పర్మీజానో చీజ్ కూడా వడ్డించకు. అందులో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వేస్తారు. ముందే చెప్పకుండా పెడితే తర్వాత నొచ్చుకుంటారు.

ఇంకొక్కటి, ఇది సలహా కాదు, మాట ఇవ్వాలి. ఆ రాత్రి కారు తాళాలు ముట్టుకోవద్దు. ఇటలీలో లైసెన్సు వచ్చి మూడేళ్లు కాకపోతే చుక్క తాగి నడపడం కూడా నిషేధం. అత్తగారిని దించడానికి ట్యాక్సీ ముందే చెప్పు.

లేబుల్, బిరడా కింద ఖాళీ కనిపించేలా ఫొటోలు తీసి ఈ వారంలోనే పంపు. సీసాని తలకిందులు చేసి తీయకు.

మామయ్య