వేసవి ఇంటర్న్‌షిప్‌కి దసరా నాటికే సిద్ధం కావాలి

ప్రశ్న: విశాఖలో డిగ్రీ రెండో ఏడాది, మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. కిందటి ఏప్రిల్‌లో పరీక్షలు అయ్యాక రెండు పత్రికాఫీసులకీ ఓ ప్రభుత్వ కార్యాలయానికీ ఇంటర్న్‌షిప్ కోసం వెళ్లాను. అన్నిచోట్లా ‘ఈ వేసవికి అయిపోయాయమ్మా’ అనేశారు. అమెరికాలో చదువుతున్న మా పెద్దమ్మ కూతురు మాత్రం వచ్చే వేసవికి ఇప్పుడే అప్లై చేసేసింది. నిజంగా అంత ముందు పెట్టాలా?
– ఓ విద్యార్థిని, గాజువాక

జవాబు: పెట్టాలమ్మా. మీ అక్క తొందరపడిందేమీ లేదు. అక్కడి విదేశాంగ శాఖ లాంటి చోట ఎంపికైనవాళ్ల పూర్వాపరాలు విచారించి క్లియరెన్స్ ఇవ్వడానికే నెలలు పడుతుంది. మన దగ్గరా పోటీ ఎక్కువున్న వాటి లెక్క ఇంచుమించు ఇదే. రిజర్వ్ బ్యాంక్ సమ్మర్ ఇంటర్న్‌షిప్ చూడు. పని ఏప్రిల్, జులై మధ్య. దరఖాస్తులు మాత్రం అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 వరకే. నెలకు 20 వేల స్టైపెండ్ కాబట్టి దేశం నలుమూలల నుంచీ పోటీ పడతారు. అది మేనేజ్‌మెంట్, కామర్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ లాంటి సబ్జెక్టుల్లో పీజీ, అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ చదివేవాళ్లదీ, లా విద్యార్థులదీ. నీకు ఇప్పుడు కుదరదు గానీ, అలాంటి సబ్జెక్టులో పీజీలో చేరితే ఆ ఏడాదే గుర్తు పెట్టుకో.

నీకు ఇప్పుడు పనికొచ్చేది నీతి ఆయోగ్, అంటే కేంద్ర ప్రభుత్వానికి విధానాల మీద సలహాలిచ్చే ఢిల్లీ సంస్థ. ప్రతి నెలా ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు వరకు వాళ్ల వెబ్‌సైట్‌లో దరఖాస్తు తెరిచి ఉంటుంది. ఇంటర్‌లో 85 శాతం ఉండాలి, డిగ్రీ నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాసి ఉండాలి. ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా చేయొచ్చు. ప్రతి నెలా ఉంటుంది కదా అని వాయిదా వేయకు. మే నెల కావాలనుకునేవాళ్లు దేశమంతా ఉంటారు. పెద్ద కంపెనీల్లో కేంద్రం ఇప్పించే పీఎం ఇంటర్న్‌షిప్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. రెగ్యులర్‌గా డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న నీకు అది వర్తించదు.

అసలు ఆలస్యం జరిగేది దరఖాస్తు దగ్గర కాదు, ఇంటర్న్‌షిప్‌కి అభ్యంతరం లేదని కాలేజీ ఇచ్చే లెటర్ దగ్గర. హెచ్‌వోడీ సంతకం, ప్రిన్సిపల్ స్టాంపు, ఆఫీసులో నంబరు పడటం. దసరా సెలవులు, ఆ వెంటనే సెమిస్టర్ పరీక్షలు, అవి కాగానే సంక్రాంతి. ఈ మధ్యలో ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగిపోతుందో చెప్పలేం. సెప్టెంబరులోనే తీసుకుని, మార్కుల మెమోలతో కలిపి స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకో.

పత్రికల సంగతి వేరు. చాలా జిల్లా ఆఫీసుల్లో నోటిఫికేషన్ అంటూ ఉండదు, ఇన్‌ఛార్జికి నచ్చితే తీసుకుంటారు. ఏళ్ల తరబడి డెస్కులో పని చేసి, ఇలాంటి ఉత్తరాలు చదివినదాన్ని కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. ‘నాకు చిన్నప్పటి నుంచి జర్నలిజం అంటే ఆసక్తి, కష్టపడే స్వభావం ఉంది’ అని మొదలయ్యే ఉత్తరాన్ని ఎవరూ రెండో వాక్యం దాకా చదవరు. ఇలా రాసి చూడు: ‘ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోసేవాళ్లు, చేపల బుట్టలెత్తే ఆడవాళ్లు ఏ పనికి వెళ్తారో తెలుసుకుని రాయాలని ఉంది. హార్బర్‌లో వేకువజామున జరిగే వేలంపాట మీద నేను రాసిన కథనం జత చేస్తున్నాను.’ ఈ ఉత్తరం అందుకున్న ఇన్‌ఛార్జి నిన్ను పిలిచి మాట్లాడతారని నా నమ్మకం. ఎందుకంటే అందులో నీ గురించి పొగడ్త లేదు, ఆయన పేజీకి పనికొచ్చే వార్త ఉంది. నువ్వు ఆ హార్బర్‌కి వెళ్లావని కూడా తెలుస్తోంది.

అలాంటి కథనం ఏప్రిల్‌లో కూర్చుని ఒక్క రాత్రిలో రాయలేవు. వేలంపాట చూడాలంటే బోట్లు తిరిగే రోజుల్లోనే వెళ్లాలి. నవంబరు, డిసెంబరుల్లో రెండు మూడు కథనాలు రాసి, మీ మాస్టారికి చూపించి దిద్దించుకో. సంక్రాంతి లోపు పంపేయ్. గాజువాక, స్టీల్‌ప్లాంట్ పరిసరాలు నీకు తెలిసినంతగా ఆఫీసులో వాళ్లకు తెలియకపోవచ్చు, అది నీ బలం. పంపాక వారం ఆగి ఫోన్ చెయ్. పొద్దున పదకొండు, పన్నెండు మధ్య చెయ్యి. సాయంత్రం పేజీలు పెట్టే హడావిడిలో ఎంత మంచివాళ్లయినా విసుక్కుంటారు. ఒక్క పత్రికనే నమ్ముకోకుండా ఇంగ్లిష్ పత్రికల విశాఖ ఆఫీసులకీ, ఆకాశవాణి కేంద్రానికీ కూడా రాయి.

నీతి ఆయోగ్ స్టైపెండ్ ఇవ్వదు. ల్యాప్‌టాప్ కూడా మనదే ఉండాలి. ఢిల్లీలో గది అద్దె, భోజనం, ఏపీ ఎక్స్‌ప్రెస్ టికెట్ లెక్క వేసి, ఫారం నింపకముందే ఇంట్లో మాట్లాడు. అంత భరించలేమంటే ఈ ఏడాది విశాఖ పత్రికలకే గట్టిగా ప్రయత్నించు. రోజూ ఇంటి నుంచే వెళ్లి రావచ్చు.