మెడలో బిళ్ళ కడితే స్టెరాయిడ్ వేయవచ్చా?

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్లు. నాలుగు రోజులుగా జ్వరం, గొంతునొప్పి. దవడ కింద రెండు వైపులా బిళ్ళలు కట్టాయి. స్టెరాయిడ్ మాత్ర వేస్తే ఒక్క రోజులో అన్నీ తగ్గిపోతాయని మందుల షాపులో చెప్పారు. వేయమంటారా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: వేయకండమ్మా. ఆ బిళ్ళల్లో ఇప్పుడు జరుగుతున్న పని ఆగకూడదు.

వైరస్ గొంతులో దిగగానే, అక్కడ కాపు కాసే డెండ్రిటిక్ కణాలు దాని ముక్కలను పట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి చేరతాయి. మనం బిళ్ళ అనేది ఆ గ్రంథినే. వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు అక్కడ ఉంటాయి. ఫలానా ముక్కను గుర్తుపట్టగల టీ కణం లక్షల్లో ఒకటి ఉంటే గొప్ప. అది తారసపడేదాకా, వచ్చిన ప్రతి టీ కణానికీ డెండ్రిటిక్ కణాలు ముక్కను చూపిస్తూనే ఉంటాయి. చూపిస్తే సరిపోదు. ఇది నిజంగా ప్రమాదమేనని రెండో సంకేతం ఇవ్వాలి, ఇంటర్‌ఫెరాన్ వంటి రసాయనాలూ అందాలి. అవి అందకపోతే టీ కణం మేల్కొనకపోగా మొద్దుబారిపోతుంది. అందితే రోజుకు రెండు మూడుసార్లు రెండుగా చీలుతూ వేలల్లోకి పెరుగుతుంది. వైరల్ జ్వరం తగ్గడానికి అన్ని రోజులు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ డెండ్రిటిక్ కణాలను 1973లో వెలుగులోకి తెచ్చిన రాల్ఫ్ స్టెయిన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. అంతకు మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశారు. తలచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

స్టెరాయిడ్ ఈ రెండు రకాల కణాలనూ అణచివేస్తుంది. జ్వరం దిగినట్లే కనిపిస్తుంది, వైరస్ లోపలే ఉంటుంది. కొన్ని జబ్బుల్లో స్టెరాయిడ్ మేమే ఇస్తాం. అయితే పరీక్షించాకే.

బిళ్ళను వేలితో మెల్లగా కదిపి చూడండి. మెత్తగా ఉండి, కాస్త నొప్పి పెడుతూ వేలి కింద జారుతుంటే కంగారు లేదు. రెండు మూడు వారాల్లో కరుగుతుంది. రాయిలా గట్టిగా ఉన్నా, కదలకపోయినా, నాలుగు వారాలు దాటినా చూపించాలి.

జ్వరం నాలుగో రోజుకు వచ్చింది కాబట్టి ఈరోజే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. గొంతులో బాక్టీరియా ఉంటే యాంటీబయాటిక్ కావాలి. డెంగీ పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క కూడా చేయించండి. డెంగీ అయితే జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే అర్ధరాత్రయినా మీ ఊళ్లోని రుయా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. జ్వరానికి బరువును బట్టి పారాసెటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. గంజి, మజ్జిగ, రాగి జావ, వాడు ఏది తాగితే అది కొద్దికొద్దిగా పట్టిస్తూ ఉండండి.